కిటికీ కింద పొద్దుతిరుగుడు

కుండీ పూల నర్సరీ నడిపే ఆయన్ని వీధిలో అందరూ ‘కత్తెర మామయ్య’ అనేవారు. అడ్డదిడ్డంగా పెరిగిన కొమ్మ కంటబడితే ఆయన చెయ్యి ఊరుకోదు మరి. పొద్దుతిరుగుళ్లకు కత్తెరతో పనిలేదు, వాటికి మందు పోసేవాడు. కాండాన్ని సాగదీసే హార్మోన్‌ను ఆ మందు మొక్కలో తయారు కానివ్వదు. పొట్టిగా, నిండుగా ఉన్న మొక్కలే కదా ఆఫీసు బల్లలెక్కేది.

ఆ ఏడు ఆయన భార్య మెట్ల మీంచి జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. ఆపరేషన్ అయ్యాక మంచం కిటికీ పక్కకు జరిపారు. పడుకుని చూస్తే ఆకాశం, ఎదురింటి గోడ, అంతే. ఆయన ఒక పొద్దుతిరుగుడు కుండీ తెచ్చి కిటికీ గట్టు మీద పెట్టాడు.

“ఆఫీసులో పడుకున్నట్టుందండీ,” అంది ఆవిడ. “స్వేచ్ఛగా పెరిగిన పువ్వు ఒక్కటైనా లేదా మీ దగ్గర?”

నవ్వుతూనే అంది గానీ, ఆయనకు ఎక్కడో గుచ్చుకుంది. కిటికీ కింద నేలలో అదే రకం మొక్క ఒకటి నాటి, మందు జోలికి పోలేదు. అయినా అది మూరెడైనా కాకుండానే ఆగిపోయింది. పంటల పరిశోధనశాలలో పనిచేసే కూతురికి ఫోన్ చేశాడు.

“మందు మానేస్తే చాలదు నాన్నా. ఆ రకం పుట్టుకతోనే పొట్టిది. జన్యువుల్లోనే ఉంది.”

“అయితే ఇక ఎదగదా?”

“పొట్టి మొక్కల్లో కొన్నిటికి ఆ హార్మోన్ చేసుకోవడం చేతకాదు. మనం ఇస్తే పెరుగుతాయి. కొన్నిటికి అది ఒంట్లో కావలసినంత ఉన్నా దాని మాట చెవికెక్కదు.”

“అచ్చం మీ అమ్మలా.”

“నేను వింటూనే ఉన్నాను,” అంది ఆవిడ కిటికీలోంచి.

కూతురు నవ్వింది. “ఇచ్చి చూస్తేగానీ ఏ రకమో తెలీదు నాన్నా.”

ఆమె పంపిన హార్మోన్ ద్రావణాన్ని ఆయన లేత చిగురు మీద చుక్కలుగా వేశాడు. జీవితమంతా మొక్కల్ని అణిచిపెట్టిన మనిషి, ఒక మొక్కను ఎదగమని బతిమాలడం అదే మొదలు. కొన్నాళ్లకు ఆకుకూ ఆకుకూ మధ్య కాండం సాగింది. సన్నగా వాలిపోతుంటే కర్ర పాతి కట్టాడు.

“ఎంతవరకు వచ్చింది?” ఆవిడ రోజూ అడిగేది.

“మోకాలు దాటింది. కాస్త ఓపిక పట్టు.”

మొగ్గ ఇంకా గట్టుకు జానెడు కిందే ఉంది. ఒక ఉదయం ఆయన వంగి కట్టు సరిచేస్తుంటే, పైనుంచి మాట వినబడింది.

“ఎంత బక్కగా ఉందో, పాపం.”

తలెత్తి చూస్తే, ఆవిడ కిటికీ చువ్వలు పట్టుకుని నిలబడి ఉంది.