ఆగిన చోటి నుంచి సీరియల్

నేను సిరిసిల్ల పిల్లను. కోరుట్లకు కోడలిగా వచ్చిన కొత్తలో అత్తమ్మతో ఏం మాట్లాడాలో తెలిసేది కాదు. మా ఇద్దరికీ మాటలు కలిపింది సాయంత్రం ఏడింటి సీరియల్. ఆమె ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతూ, తలెత్తకుండానే రేపటి కథ చెప్పేది.

“పెద్దకోడలు వరదల కొట్టుకపోయిందంటున్నరు గని, పీనుగను జూపెట్టిన్రా? జూపెట్టలే. అంటే మల్లొస్తది.”

చాలాసార్లు ఆమె చెప్పినట్టే అయ్యేది. పందెంలో ఓడిన వాళ్లు చాయ్ పెట్టాలి. ఎక్కువగా నేనే పెట్టాను.

నిరుడు వానాకాలంలో ఒక పొద్దున, బీడీలు చుడుతుండగానే ఆమె కుడిచెయ్యి, కాలు పడిపోయాయి. నోరు వంకరపోయింది. పన్నెండు రోజులు జగిత్యాల ఆసుపత్రిలో ఉన్నాం. నడక మెల్లగా వచ్చింది, మాట రాలేదు. అన్నీ అర్థమయ్యేవి, చెప్పబోతే ఉత్త మూలుగే. చుట్టాలొస్తే సిగ్గుతో గోడవైపు తిరిగి పడుకునేది. మేం టీవీ పెట్టడమే మానేశాం.

నాలుగు నెలల తర్వాత మళ్లీ జగిత్యాల పోయాం. మాటలు నేర్పే మేడం నన్ను అడిగింది: “ఇంట్ల ఈమె దేని గురించి బాగ మాట్లాడేది?”

“సీరియల్ గురించి మేడం.”

“మరి గదెందుకు బంద్ జేసిన్రు?”

తిరుగు బస్సులో అదే ఆలోచన. జరగబోయే కథ చెప్పడం ఆమెకు గొప్ప. ఇప్పుడు చెప్పలేక కూర్చుంటే ఇంకా కుంగిపోదా? ఇంటికొచ్చి ఆమెనే అడిగాను.

“అత్తమ్మా, ఇడిసిపెట్టిన కాడికెల్లి సీరియల్ సూద్దమా?”

చాలాసేపు నా ముఖం చూసి, తల ఊపింది.

ఆగిపోయిన భాగాన్ని ఫోన్లో వెతికి పెట్టాను. మొదటి వారం ఊరికే చూసింది. నేను కావాలనే తప్పుడు జోస్యాలు చెప్పేదాన్ని. తొమ్మిదో రోజు కథలో చిన్నకోడలికి పుట్టింటి నుంచి ఉత్తరం వచ్చింది.

“ఇగ సూడు, గీమె తల్లిగారింటికి పోతది,” అన్నాను.

అత్తమ్మ ఎడమచేత్తో నా మోకాలి మీద కొట్టింది. పెదవులు కూడదీసుకుంది.

“పో... పోదు.”

ఫోన్ ఆపేశాను. “ఏమన్నవత్తమ్మా?”

“పోదు!” అంది, ఈసారి కోపంగా.

మా ఆయన వాకిట్లోంచి పరుగున వచ్చాడు. తల్లి నోట ఆ మాట మూడుసార్లు అనిపించుకుని ఏడ్చాడు.

మరుసటి భాగంలో చిన్నకోడలు పెట్టె సర్దుకుని పోనే పోయింది. తన జోస్యం తప్పినందుకు అత్తమ్మ పడీపడీ నవ్వింది. అన్ని నెలల తర్వాత ఆ నవ్వు వినడం అదే మొదలు.

ఆ సీరియల్ బాగుందని ఎవరూ అనరు. రాసిన వాళ్లెవరో నాకు తెలియదు. ఎదురైతే మాత్రం చేతులెత్తి మొక్కుతాను.

ఇప్పుడు అత్తమ్మ చిన్న చిన్న మాటలు మాట్లాడుతోంది. మొన్న సిరిసిల్ల నుంచి మా అమ్మ ఫోన్ చేస్తే ఆమెకిచ్చాను. ఒక్కో మాటా కూడబలుక్కుంటూ అంది: “నీ బిడ్డ... మంచిది.”