బంద్ రోజున అత్త మూటగట్టిన పాట

మా అత్త, అంటే నాన్నగారి చెల్లెలు, పోయిన వారం హౌరా దగ్గర సంత్రాగాఛి రైల్వే క్వార్టర్స్‌లో కన్నుమూసింది. కబురు విన్నాక కూడా ఆఫీసులో చేతిలో ఉన్న పని కాసేపు అలాగే చేస్తూ కూర్చున్నాను. మనసు మొండికేసింది.

అత్త మా తెలుగు చర్చికి ఆదివారం పాటల కాగితం టైపు చేసేది. ప్రతి తెలుగు పంక్తి కింద అవే మాటలు బెంగాలీ అక్షరాల్లో ఉండేవి. పెద్దవాళ్లకు బెంగాలీ చదవడం రాదు, పిల్లలకు తెలుగు చదవడం రాదు. రెండు లిపులూ కొట్టగల ఆ పాత సాఫ్ట్‌వేర్ పాస్టరుగారి కంప్యూటర్‌లో మాత్రమే ఉండేది. కొన్నేళ్ల కిందట ఆయనకు బదిలీ అయింది. కంప్యూటర్ ఆయనతో వెళ్లిపోతుంది, చర్చి కొన్న సీడీ నిండా గీతలు, అమ్మినవాళ్లు ఎప్పుడో దుకాణం మూసేశారు. కాగితం ఆగితే పాట సగం మంది నోట ఆగిపోతుందని అత్త బెంగ పెట్టుకుంది.

దాన్ని పెన్ డ్రైవ్‌లో పెట్టి ఎక్కడైనా నడిచేలా చేస్తానంది. ఎవరూ వచ్చి కదపకుండా బంద్ రోజు చూసుకుంది. రైళ్లు లేవు, రిక్షాలు లేవు, ఊరంతా మధ్యాహ్నం నిద్రలో ఉన్నట్టుంది. ముందు సాఫ్ట్‌వేర్‌ను తీసేసి, కంప్యూటర్‌లో ఏమేమున్నాయో ఒక చిన్న ప్రోగ్రాముతో నమోదు చేయించింది. తర్వాత సీడీ పెట్టి మళ్లీ ఎక్కించింది. సీడీ గరగరలాడింది. చదవకపోతే ఉన్నదీ పోయినట్టే. చివరికి ఎక్కింది.

"నేనొచ్చీదాకా ఏటీ ముట్టుకోకండి. ముందెలాగుందో, తరవాతెలాగుందో చూస్తేనే ఏటొచ్చిందో తెలుస్తాది. ఆ వచ్చిందాన్నే మూట కట్టాల," అని పాస్టరుగారింట్లో వాళ్లకు చెప్పి, తోడు వెళ్లిన నాతో టీ తాగడానికి వరండాలోకి వచ్చింది.

మేం తిరిగి వెళ్లేసరికి తెర నిండా నీలి సముద్రం.

"కళ్లకి చల్లగుంటాదని మా ఊరి ఫొటో పెట్టేనమ్మా," అన్నారు పాస్టరమ్మగారు.

అత్త ఆమెను చూసింది, సముద్రాన్ని చూసింది. "ఉండనీండి. అదీ మనవేపు నుంచి వచ్చిందే కదా," అని రెండోసారి నమోదు చేయించేసింది.

అలా ఆ మూటలోకి సముద్రం కూడా చేరింది. హౌరాలో ఏ ప్రింటింగ్ దుకాణంలో కాగితం కొట్టడానికి పెన్ డ్రైవ్ పెట్టినా, మర్నాడు ఆ కంప్యూటర్ తెరవగానే అలలే. "దీదీ, అబార్ సొముద్రో?" అక్కా, మళ్లీ సముద్రమా అని దుకాణాయన వేళాకోళం చేసేవాడు. తీసెయ్యొచ్చు కదత్తా అంటే నవ్వి ఊరుకునేది. ఆ నవ్వంటే నాకు ప్రాణం.

అత్త భూస్థాపన ఆరాధనకు పాటల కాగితం నేనే కొట్టాను. ఆమెకు ఇష్టమైన పాటే పెట్టాను. పెద్దలు పై వరస చూసి పాడారు, పిల్లలు కింది వరస. పక్క క్వార్టర్‌లో ఉండే బెంగాలీ పిన్ని, మేం కాకీమా అని పిలిచే ఆవిడకు తెలుగు ముక్క రాదు. మా గొంతులు దుఃఖంతో ఒక్కొక్కటే ఆగిపోయాయి. ఆమె మాత్రం బెంగాలీ అక్షరాల కింద వేలు పెట్టుకుని, తనకు అర్థం కాని మా పాటను ఒక్కతే చివరిదాకా పాడుతూనే ఉంది.