చర్చి గేటుకి అడ్డంగా ఎర్ర కారు

మన చర్చి గేటు ముందు నాలుగు రోజులు ఎర్ర కారు నిలబడిపోయింది చూశారు గానీ, వెనకాల అసలు కథేంటని అందరూ అడుగుతున్నారు కదా. చెప్తా. కానీ ముందు టీ తాగేయండి. తాగుతూ నవ్వితే పొలమారుతుంది, తర్వాత నన్నంటారు.

నా పాత కారు సంగతి మీకు తెలిసిందే. రెండే సీట్లు, పైన టాప్ లేదు, పచ్చ రంగు. ఎప్పుడో ఒక ఆఫీసరు ఓడలో తెచ్చుకుని, ట్రాన్స్‌ఫర్ మీద వెళ్తూ ఇక్కడే, మన పోర్ట్‌బ్లెయిర్‌లోనే వదిలేసిన బండి. అప్పట్లో నేను హార్బర్ వర్క్‌షాపులో పని. జీతమంతా దాని ఒంటికే పూశాను. ఈ ఉప్పుగాలికి ఇటు తుప్పు గోకితే అటు పట్టేది. సెల్ఫ్ అనే వస్తువు దానికి పేరుకే ఉంది. తోస్తేనే స్టార్టవుద్ది. తోసేదెవరు? మా సారమ్మ. పెళ్లైన దగ్గర్నుంచీ ఎడమ పక్కన వెనకాల చేతులానించి, చీర కుచ్చిళ్లు దోపుకుని, "హలెలూయా" అంటూ తోసేది. నేను సెకండ్ గేర్‌లో క్లచ్ వదిలేవాణ్ణి. బండి అందుకోగానే పరిగెత్తుకొచ్చి ఎక్కేది. వానొస్తే గొడుగు కూడా ఆవిడే పట్టాలి.

ఈ మధ్య ఆవిడ మోకాళ్లు అరిగాయి. డాక్టరు మెట్లెక్కొద్దన్నాడు, బరువులెత్తొద్దన్నాడు. "కారు తొయ్యొచ్చా?" అని అడిగాను. ఆయన నన్ను చూసిన చూపు ఇంకా గుర్తుంది.

అందుకే కొత్తది తెప్పించాను. అదే కంపెనీ, అదే రెండు సీట్లు, ఇప్పటి మోడల్, ఎర్ర రంగు. సెకండ్ హ్యాండ్‌లో దొరికింది. చెన్నై నుంచి ఓడలో దిగింది. కానీ మా ఇల్లు డైరీ ఫార్మ్ పేటలో, ఏటవాలు మీద, షెడ్డు ఒక్కటే. సారమ్మ తీర్పు చెప్పేసింది.

"నెల రోజులు చూడండి. కొత్తది కుదిరితే పాతది పంపించేద్దాం. రెండు బళ్లు పెట్టుకోడానికి మనమేమైనా ట్రాన్స్‌పోర్టా?"

పాత కార్లని ఏరుకునే చెన్నై పెద్దమనిషి ఒకాయన చూడ్డానికొస్తానన్నాడు కూడా. నేను ఊ అన్నాను. ఊ అన్నాను గానీ ఆ రాత్రి అన్నం సయించలేదు. నిజం చెప్పాలంటే, కొత్తది కుదరకూడదని లోపల్లోపల ప్రార్థన చేసుకున్నాను. దేవుడు క్షమించుగాక.

ఇక కొత్తదాని వేషాలు! చోక్ లేదు. బానెట్ ఎత్తితే ఇంజను కనపడదు, నల్లటి ప్లాస్టిక్ మూత. ఎక్కడ చెయ్యి పెట్టి పలకరించాలి? బెల్టు పెట్టకపోతే కీక్, తలుపు సరిగ్గా పడకపోతే కీక్, వెనక్కెళ్తే కీక్ కీక్ కీక్. మొదటిరోజు సిగ్నల్ దగ్గర ఇంజను దానంతటదే ఆగింది. చచ్చిందిరా అని గబగబా దిగి బానెట్ ఎత్తాను. వెనకాల ఆటోవాడు, "అంకుల్, పెట్రోల్ బచాతా హై వో! బైఠో, బైఠో!" అని అరిచాడు. పెట్రోలు ఆదా చేస్తోందట! కూర్చుని కాలు కదిపితే దానంతటదే లేచింది. వాన పడితే బటన్ నొక్కితే టాప్ వచ్చేస్తుంది. సారమ్మ గొడుగు ఒళ్లో పెట్టుకుని, ఏం చెయ్యాలో తోచక కూర్చుంది పాపం.

తాళంచెవి కూడా తాళంచెవిలా ఉండదు. సబ్బుబిళ్ల సైజులో నల్లగా ఉంటుంది. ఎక్కడా పెట్టి తిప్పక్కర్లేదు, దగ్గరుంటే చాలట. సెకండ్ హ్యాండ్ కదా, ఒక్కటే ఇచ్చారు. నాకా, తాళంచెవి జేబులో పెట్టుకునే అలవాటే లేదు. పాత కారు చెవి ఎప్పుడూ కారుకే ఉంటుంది. మన పోర్ట్‌బ్లెయిర్‌లో కారెవడెత్తుకుపోతాడు? ఎత్తుకుపోయి ఎక్కడికెళ్తాడు, సముద్రంలోకా? అందుకని ఆ సబ్బుబిళ్ల సారమ్మ చేతిసంచిలో పడేశాను.

ఇక గురువారం సంగతి. డిగ్లీపూర్‌లో సారమ్మ చెల్లెలికి మనవడు పుట్టాడు. ఆదివారం చర్చిలో బిడ్డని ప్రతిష్ఠ చేస్తున్నారు. సారమ్మ వెళ్లాలి. పొద్దున్నే ఫీనిక్స్ బే జెట్టీకి తీసుకెళ్లాను. బండి ఆపాను గానీ ఇంజను ఆపలేదు. పాత కారు ఆపితే మళ్లీ లేస్తుందన్న నమ్మకమేముంది? ఆ భయం చేతిలోకి దిగిపోయింది. ఇంజను నడుస్తుండగానే బ్యాగులు మోసి, ఆవిణ్ణి బోటెక్కించి, చెయ్యూపి వచ్చి కూర్చున్నాను. కారు కీక్ కీక్ మంది. స్క్రీన్ మీద ఏదో ఎర్రగా వెలిగింది.

"నీకు నోరెక్కువే," అని తిట్టి పోనిచ్చాను.

వస్తూ వస్తూ చర్చి దగ్గర ఆగాను. మీరందరూ ఉన్నారుగా, క్వైర్ ప్రాక్టీసు. బుద్ధి గడ్డి తింది. గేటుకి అడ్డంగా ఆపి, "రండి రండి, కొత్త బండి చూడండి. తోసే పనే లేదిక. ఆపుతున్నా, చూడండి," అని ఆపాను. పెళ్లైన దగ్గర్నుంచీ ఏ వీధిలోనూ ధైర్యంగా ఇంజను ఆపనివాణ్ణి, ఆరోజు ఛాతీ విరుచుకుని ఆపాను! "ఇప్పుడు ఒక్క వేలితో లేపుతా," అని బటన్ నొక్కాను.

కీక్.

మళ్లీ నొక్కాను. కీక్. మన అప్పారావు ముందుకొచ్చి స్క్రీన్ చదివాడు. "భయ్యా, 'కీ కనపడలేదు' అంటోంది."

అప్పుడు బుర్రలో వెలిగింది. సారమ్మ సంచి! ఆ సంచి అప్పటికి సముద్రంలో ఉంది. ఫోన్ చేస్తే సిగ్నల్ లేదు.

తర్వాత మీరు చేసిందేంటి? చేతులు ముడుచుకు కూర్చున్నారా? అలవాటు ప్రకారం అందరూ వెనక్కి చేరి "హైసా" అన్నారు. నేనూ బుద్ధి లేకుండా స్టీరింగ్ పట్టుకుని, లేని క్లచ్ కోసం ఎడమకాలితో వెతుకుతున్నాను! ఆటోమేటిక్ బండి, చక్రాలు బిగుసుకుపోయాయి. అంగుళం కదల్లేదు. అప్పారావు నడుం పట్టేసింది. పాస్టరుగారు నెమ్మదిగా, "ప్రార్థన చేద్దామా బ్రదర్?" అన్నారు. ఆయన జోకేశారో నిజంగా అన్నారో నాకిప్పటికీ తెలీదు.

సాయంత్రం సారమ్మ ఫోన్. "ఏవండీ, నా సంచిలో మీ సబ్బుబిళ్ల ఉండిపోయింది. రేపటి బోటుకి సరంగు చేతికిచ్చి పంపనా, నేనే వచ్చెయ్యనా?"

వచ్చెయ్యనా అంటోంది, పసిపిల్లాడి ముఖం కూడా సరిగ్గా చూడకుండా! సరంగు చేతికి ఇవ్వొచ్చు, నిజమే. కానీ ఆ ఒక్కటీ ఎక్కడైనా పడిపోతే? "సంచి వదలకు. నువ్వూ తొందరపడకు. బిడ్డ ప్రతిష్ఠ చూసుకునే రా. కారు ఎక్కడికీ పోదు," అన్నాను. పోలేదు కూడా. ఆదివారం మీరంతా బైబిళ్లు పట్టుకుని పక్కకి తిరిగి, పొట్టలు లోపలికి లాక్కుని గేట్లోంచి దూరారు. పాస్టరుగారు ఇరుకు ద్వారం మీద ప్రసంగం చేశారు. నేను వెనక బెంచీలో కుక్కిన పేనులా కూర్చున్నాను.

సోమవారం పొద్దున బోటొచ్చే టైముకి, పక్కింటివాళ్ల చేత తోయించుకుని, పాత కారులో జెట్టీకెళ్లాను. బోటు లేటు. ఎంతసేపని నడుపుతూ ఉంచను, పెట్రోలు వాసనకి కూలీలు తిడుతుంటే ఆపాల్సొచ్చింది. సారమ్మ దిగింది. కారు చూసింది. సంచి సీట్లో పెట్టి, మోకాళ్ల నొప్పి అనకుండా, కుచ్చిళ్లు దోపుకుంటూ ఎడమ పక్కకి నడిచింది. అలవాటు! నా ప్రాణం ఉసూరుమంది. దిగి చెయ్యి పట్టుకున్నాను.

"నువ్వు కూర్చో."

"మరి తోసేదెవరు?"

కూలీలు అప్పటికే వెనక్కొచ్చారు. "దీదీ, ఆప్ బైఠో. హమ్ ధక్కా దేతే హై."

ఆవిడ కూర్చుంది. తోస్తుండగా లోపల కూర్చోవడం ఆవిడకి అదే మొదటిసారి. బండి కుదుపుతో అందుకోగానే చిన్నపిల్లలా కెవ్వుమని నవ్వింది. కాస్త దూరం వచ్చాక, వెనక కనపడే అద్దం చూసింది.

"ఇదేంటండీ, ఇంత కిందకి, ఎడమకి వంగిపోయింది? సరిచెయ్యనా?"

"ముట్టుకోకు," అన్నాను. "నువ్వు తోసేటప్పుడు నీ మొహం కనపడాలని అలా పెట్టుకున్నా."

చాలాసేపు అద్దం వంకే చూసింది. కొంగు కంటికి అద్దుకుంది. ఇన్నేళ్లూ వెనక్కి తిరిగి చూడని మనిషిననుకుందట!

"అందుకేనా," అంది చివరికి, "వెనకాల లారీ ఎంత హారన్ కొట్టినా మీకు తెలిసేది కాదు?"

తర్వాత నెమ్మదిగా అంది. "చెన్నై ఆయనకి ఫోన్ చేసి రావద్దని చెప్పండి. ఇది షెడ్డులో ఉంటుంది. కొత్తది బయట ఉంటుందిలే, బటన్ నొక్కితే టాప్ వస్తుందిగా, తడవదు."

చర్చి గేటు దగ్గరికొచ్చాం. సంచితో ఆవిడ దగ్గరికెళ్లగానే ఎర్ర కారు లైట్లు వెలిగించి, అద్దాలు రెండూ చెవుల్లా విప్పుకుంది. నేను నాలుగు రోజులు తుడిచినా పలకని కారు! ఒకటి ఆవిడ తోస్తే కదిలింది, ఇంకోటి ఆవిడొస్తే కదిలింది. మధ్యలో నేను డ్రైవర్ననుకుని టోపీ కూడా కొనుక్కున్నాను.

తాళంచెవి నాకిచ్చెయ్యమని అడగలేదు. ఆవిడ సంచిలోనే ఉండనీ. అందుకే ఇవాళ టీకి ఇంత దూరం నడిచొచ్చాను. సారమ్మ సంచి పట్టుకుని చేపల మార్కెట్‌కి వెళ్లింది మరి!