బోణీకి ముందు అడిగిన ప్రశ్న

విశాఖపట్నం కాంప్లెక్సులో చోడవరం బస్సెక్కేసరికి ఏడున్నర. సన్నగా ముసురు పడుతోంది. కిటికీ పక్క సీటు దొరకడంతో ఆ రోజు దేవుడికి నా మీద కోపం లేదనుకున్నాను. కండక్టరు ఆధార్ కార్డు చూసి సున్నా టికెట్టు చేతిలో పెట్టాడు. ఆడవాళ్ళకు బస్సు ఉచితమైన దగ్గర్నుంచీ నన్ను ఊళ్ళు తిప్పడానికి మా ఆఫీసు వాళ్ళు మరీ ఉత్సాహపడుతున్నారు.

నా ఉద్యోగం ఫోన్లో ప్రశ్నలు అడగడం. నెల తిరిగేసరికి కార్ఖానాల వాళ్ళకు ఫోన్ చేసి, పోయిన నెల కంటే కొత్త ఆర్డర్లు పెరిగాయా, తగ్గాయా, అలాగే ఉన్నాయా అని అడుగుతాను. చోడవరంలో చెరుకు రసం కాచే బెల్లం పెనాలు చేసే సూరయ్యగారు ఆ జాబితాలో ఒకరు. గొంతు వినడమే తప్ప మనిషిని చూడలేదు. ఎప్పుడడిగినా ఒకటే జవాబు: "పెరిగేయమ్మా." నెల నెలా అలా పెరుగుతూ పోతే ఈపాటికి ఆయన కొట్టు ఉక్కు ఫ్యాక్టరీ అంత అయ్యుండాలి. పోయినసారి ఇంకో మాట కూడా అన్నారు. "మా మేనల్లుడు కంపెనీలో సేరతానంటన్నాడమ్మా. ఇన్ని ఆర్డర్లుండగా ఎలా పంపుతాను?" ఆ మాట నా చెవిలో ఉండిపోయింది. ఆ చుట్టుపక్కల చిన్న కొట్లన్నీ ఇలాగే 'పెరిగాయి' అంటున్నాయి కాబట్టి, వెళ్ళి కళ్ళతో చూసి రా, లేకపోతే వాళ్ళందరినీ తీసేద్దాం అన్నాడు మా మేనేజరు.

పెందుర్తి దాటాక పక్క సీట్లోకి ఒక పెద్దావిడ వచ్చింది. ఒళ్ళో సంచి, సంచిలోంచి తొంగి చూస్తున్న ఆనపకాయ. ఎక్కడికమ్మా అంటే చెప్పాను. ఏం పని అంటే అదీ చెప్పాల్సి వచ్చింది.

"పెరిగాయన్న వాళ్ళకు పూర్తి మార్కు, అలాగే ఉన్నాయన్న వాళ్ళకు సగం, తగ్గాయన్న వాళ్ళకు సున్నా. అందరివీ కలిపి నూటికి లెక్క కడితే యాభై దాటిందనుకోండి, దేశంలో పని పెరుగుతున్నట్టు. దాటలేదనుకోండి, తగ్గుతున్నట్టు."

"ఆర్డర్లే ఎందుకడగడం? జీతాలడగొచ్చు కదా?"

"ముందు కదిలేది ఆర్డరే కదండీ. ఆర్డరొస్తేనే సరుకు తయారవుతుంది, ఆ తర్వాతే మనిషిని పెట్టుకుంటారు. తగ్గేటప్పుడూ అదే వరస. ఉద్యోగం ఆఖర్న పోతుంది."

"మా కోడలు నానేటడిగినా 'అలగే ఉంది' అంటాదమ్మా. దానికి సగం మార్కే మరి!" అని ఆనపకాయ మీద చెయ్యేసి నవ్వింది. సబ్బవరంలో దిగేదాకా నవ్వుతూనే ఉంది.

ఆ తర్వాత దారి నాకు సగమే గుర్తుంది. నాకు బస్సు ఊపుకి నిద్ర ఆగదు. కళ్ళు తెరిచినప్పుడల్లా చెరుకు, మూసినప్పుడల్లా వాన చప్పుడు. ఒకసారి తెరిస్తే చెరుకు మీద తెల్లగా పొగమంచు పరుచుకుని, రోడ్డు మీద మేమొక్కళ్ళమే ఎక్కడో తేలుతున్నట్టుంది. వెంకన్నపాలెంలో ఎవరో దిగారు. చోడవరం వచ్చిందని కండక్టరు లేపితే తొమ్మిదిన్నర.

స్టాండు ఎదురుగా వేడి ఇడ్లీ తిని, కొట్టు ఎక్కడో అడుగుతూ నడిచాను. సుత్తి చప్పుడు దారి చూపించింది. రేకుల పంచ కింద ముప్పై ఏళ్ళ మనిషి, గొంతుక్కూచుని పాత పెనానికి మాటు వేస్తున్నాడు. వెనక బల్ల మీద తెల్లటి లుంగీ కట్టుకున్న పెద్దాయన. నమస్కారం పెట్టగానే గొంతు బట్టి ఆయనే నన్ను గుర్తుపట్టారు.

"ఫోన్లో అమ్మవా! ఒరే సింహాచలం, కుర్చీ ఎయ్యి. ఇంత వానలో ఒచ్చేరేటమ్మా?"

"చూసిపోదామని వచ్చాను సూరయ్యగారూ. ఈ నెల కొత్త ఆర్డర్లు ఎలా ఉన్నాయి?"

"పెరిగేయమ్మా!"

గోడ పక్కన కొత్త ఇనప రేకులు నిలబెట్టి ఉన్నాయి. వాటి అంచుల్లో తుప్పు. నేల మీద ఉన్నది ఆ మాటేసే పెనం ఒక్కటే. ఆయన మొహంలో మాత్రం అబద్ధం చెబుతున్న ఛాయలే లేవు, గుళ్ళో దీపం పెట్టిన వాడిలా ప్రశాంతంగా ఉన్నారు.

టీ తాగుదాం రమ్మని సింహాచలం నన్ను పక్క బడ్డీకి తీసుకెళ్ళాడు. మేనల్లుడు అతనే.

"మీరు తప్పు వేళప్పుడు అడుగుతన్నారమ్మా," అన్నాడు గ్లాసు అందిస్తూ. "బోణీ అవకుండా మా మావయ్య నోట 'నేదు' అన్న మాట రాదు. తగ్గిందన్న మాటా రాదు. అంటే ఆ రోజంతా అదే అవుద్దని ఆయన నమ్మకం. ఈ వీధిలో కొట్టోలందరూ అంతే."

కొట్టు యజమానులు కుదురుగా దొరికేది పొద్దున్నేనని, నేను ఈ వీధి మొత్తానికి ఫోన్ చేసేది తొమ్మిదిన్నరకే! పెద్ద పెద్ద లెక్కలు వేసే మా ఆఫీసులో ఒక్కళ్ళకీ ఈ సంగతి తట్టలేదు. నవ్వొచ్చింది. ఆ వెంటనే సింహాచలం మొహం చూసి నవ్వు పోయింది.

"అచ్యుతాపురం కంపెనీలో రేపు పొద్దున్న సేరాలమ్మా. రేపు పోకపోతే ఇంకోడిని పెట్టుకుంటారు. మావయ్యేమో రావికమతం నుంచీ దేవరాపల్లి నుంచీ పెనాలకి ఫోన్లొస్తన్నాయంటాడు. ఆర్డర్లున్నప్పుడు ఒదిలేసి పోతే పెంచినోడికి ద్రోహం కదా? నిజంగా ఉన్నాయో నేదో నాకు తెలీట్నేదు."

"సరే, బోణీ అయ్యాక అడుగుదాం," అన్నాను.

బోణీ కోసం కూర్చున్నాం. వాన ఆగదు, మనిషి రాడు. పన్నెండు దాటాక మెస్సులో పప్పు, దోసకాయ పచ్చడితో భోంచేసి వచ్చాను. అప్పటికీ అంతే. నడుమ ఒక రైతు గొడుగేసుకుని వచ్చి, రేకు మీద వేలితో కొట్టి చూసి, "పండగెల్లేక సూద్దాం" అని పోయాడు. సూరయ్యగారు ఆయన వెళ్ళిన వైపే చాలాసేపు చూశారు. సుత్తి ఒక వరసలో మోగుతోంది. చూరు నీళ్ళు ఒక వరసలో కారుతున్నాయి. నేను కుర్చీలో ఒరిగాను. కలలో చెరుకు ఆ వీధి కొట్ల కప్పులు దాటి పెరుగుతోంది, గడ గడకీ ఒక గొంతు, "పెరిగేయమ్మా, పెరిగేయమ్మా" అంటోంది. ఆకుల సందున ఎక్కడో సింహాచలం దారి వెతుక్కుంటున్నాడు.

మెలకువొచ్చేసరికి మూడు. సుత్తి ఆగి ఉంది. సింహాచలం గుమ్మంలో నిలబడి బస్టాండు వైపు చూస్తున్నాడు. ఇక ఊరుకోలేకపోయాను.

"సూరయ్యగారూ, నాకొక అట్ల పెనం కావాలి. కొత్తది. ఇప్పుడే చేసివ్వాలి."

ఆయన నన్ను ఎగాదిగా చూశారు. నేను సంచీలోంచి అడ్వాన్సు తీసి చేతిలో పెట్టాను. ఆయన నోటును రెండు కళ్ళకూ అద్దుకుని, రేకు డబ్బాలో వేసి, మూత మీద కాసేపు చెయ్యి ఆనించి ఉంచారు. మరి తప్పించుకోవడానికి లేదని ఆయనకీ తెలిసింది.

"ఇప్పుడడుగుతున్నానండీ. ఆర్డర్లు ఎలా ఉన్నాయి?"

"తగ్గిపోనాయమ్మా." చాలా మెల్లగా అన్నారు. "పోయిన్నెలా తగ్గిపోనాయి. అంతకు ముందూ అంతే. సెరుకు తీసేసి సరుగుడేస్తన్నారు. ఉన్నోలు పాత పెనానికే మాటేయించుకుంటన్నారు. కొత్త పెనమన్నోడు ఈ యేడు ఒక్కడూ రానేదు."

సింహాచలం గుమ్మంలోంచి తిరిగాడు. "మరి ఉన్నాయని నాకెందుకు సెప్పేవు మావయ్యా?"

"నువ్వు కొట్టు తెరుస్తా, పొద్దున్న అడిగేవు కదరా."

"సాయంత్రం సెప్పొచ్చు కదా?"

"సాయంత్రం నువ్వడగనేదు," అన్నారాయన. సుత్తి చేతిలోకి తీసుకుని మళ్ళీ అన్నారు. "అడుగుతావేటో అని రోజూ బయపడేవోడిని. ఎల్లరా బాబూ. ఈ పెనం కొట్టేసి ఎల్లు."

ఇద్దరూ చెరోవైపు కూర్చుని రేకును కొట్టారు. ఒకరి సుత్తి లేస్తే ఒకరిది దిగుతుంది. రెండు చప్పుళ్ళూ ఒక్కసారీ కలవలేదు, ఒక్కసారీ తప్పలేదు. చిన్నప్పటి నుంచీ కలిసి కొట్టిన చేతులవి. నేను బయట వానలోకి చూస్తూ కూర్చున్నాను, వాళ్ళ మొహాలు చూడ్డానికి ధైర్యం చాలక.

తిరుగు ప్రయాణం అనకాపల్లి మీదుగా పెట్టుకున్నాను. అయిదు దాటాక బస్సు. సింహాచలం కూడా అదే బస్సెక్కాడు, చేతిలో బట్టల సంచితో. వాన వెలిసి చెరుకు మీద పసుపు వెలుతురు పడుతోంది. చక్కెర ఫ్యాక్టరీ గొట్టం కాసేపు మాతో పాటు వచ్చి వెనకబడిపోయింది. ఒళ్ళో పెనం ఇంకా ఇనప వాసనేస్తోంది.

"ఏటి రాసేరమ్మా?" అన్నాడు.

"తగ్గాయనే రాశాను."

"మా కంపెనీ ఏటి సెప్పింది?"

"అది నా జాబితాలో లేదు. కానీ అచ్యుతాపురం వైపు చాలామంది పెరిగాయనే అంటున్నారు."

"అయితే ఒకటి తగ్గి ఒకటి పెరిగితే, లెక్కలో?"

"సరిగ్గా యాభై. మార్పు లేనట్టే."

"మార్పు నేనట్టేనా," అని సంచిని ఒళ్ళోకి లాక్కున్నాడు. దేశం నాడి పట్టుకుంటున్నామని చెప్పుకునే దాన్ని, ఒళ్ళో పెనాన్ని పక్కకు జరుపుకున్నాను. ఆఖర్న పోయేది ఉద్యోగమని పొద్దున్న ఇలాంటి బస్సులోనే చెప్పాను. ఇప్పుడది నా పక్కనే కూర్చుని ఉంది.

అనకాపల్లి దీపాలు కనబడుతుండగా అన్నాను. "ఇక నుంచి మీ మావయ్యకు సాయంత్రమే ఫోన్ చేస్తాలే."

"ఒద్దమ్మా," అన్నాడు గబుక్కున. "పొద్దున్న కూడా సెయ్యండి. రేపట్నుంచి కొట్టు తెరిసేక ఆయన్ని అడగడానికి ఎవలూ ఉండరు. 'పెరిగేయి' అని ఎవలికో ఒకలికి సెప్పుకోవాల కదా."

స్టాండులో దిగి, జనంలో కలిసి, అచ్యుతాపురం బస్సు వైపు వెళ్ళిపోయాడు. నేను విశాఖ బస్సులో నిద్రపోలేదు. మర్నాడు తొమ్మిదిన్నరకి ఫోన్ చేశాను, నెల తిరగకపోయినా. రెండో రింగుకే ఎత్తి, నేనడగక ముందే ఆయన అన్నారు, "పెరిగేయమ్మా!"

"చాలా సంతోషమండీ," అన్నాను. అది ఎక్కడా రాయలేదు.