వలెట్టా చూసిన సరంగు

మా మావయ్య దయానందం విశాఖ పోర్టులో ముప్పై నాలుగేళ్లు టగ్గు మీద పనిచేశాడు. పెద్ద ఓడ ఎంత బలమైనదైనా హార్బరు లోపలి మలుపులు తనంతట తాను తిరగలేదు. ముందొకటి, వెనకొకటి చిన్న టగ్గులు మోకులతో పట్టుకుని, లాగుతూ నెడుతూ దాన్ని సరుకు దింపే బెర్తు దాకా చేర్చాలి. మావయ్య డ్యూటీ ఎక్కువగా వెనక టగ్గు మీద. అందుకని ఆయన ఓడల ముఖాలు పెద్దగా చూడలేదు, వీపులే చూశాడు.

ఐదో తరగతితో బడి మానేసిన మనిషికి ఇంగ్లీషు అక్షరాలు నేర్పినవి ఆ వీపులే. ప్రతి ఓడకీ వెనక దాని పేరు, ఆ పేరు కింద ఏదో ఒక ఊరి పేరు రాసి ఉంటుంది. పనామా, మన్రోవియా, లిమసోల్. వాటన్నిట్లో ఆయన మొట్టమొదట కూడబలుక్కుని చదివింది వలెట్టా.

"విశాకపట్నానికి ముందుండే అచ్చరమే దానికీ ముందుంటాది బాబూ. అందుకే గురుతుండిపోనాది" అని నాతో చెప్పాడు.

అప్పట్లో టగ్గు సరంగు అచ్యుతరామయ్య. ఖలాసీలందరికీ పెద్ద ఆయనే. ఇన్నేసి ఓడలు పంపిస్తోందంటే ఆ ఊరు ఎంత పెద్దదో అని మావయ్య ఆయన దగ్గర ఆశ్చర్యపోయాడట. సరంగు పకపకా నవ్వాడట. "ఓరి ఎర్రోడా, ఓడ కాయితాలు రాయించుకున్న ఊరు అది. అంతే. ఆ ఓడ దాని మొకమైనా సూసుండదు."

ఇంకొకరైతే ఆ మాటతో ఊరుకునేవారు. మావయ్య మాత్రం, సొంత ఓడలే చూడని ఆ ఊరు ఎలా ఉంటుందో అని అప్పటినుంచీ ఆలోచిస్తూ ఉండిపోయాడు. తర్వాత తనే సరంగు అయ్యాడు, జుట్టు నెరిసింది. వలెట్టా పేరున్న ఓడ వచ్చిన రోజున ఇంటికి రాగానే అత్తయ్యకు చెప్పేవాడట, చుట్టం వచ్చి వెళ్లినట్టు.

ఆయన కూతురు రోజలిన్ నర్సింగ్ చదివి, ద్వారకా నగర్‌లో ఇంగ్లీషు కోచింగు తీసుకుని, మాల్టా దీవిలో వృద్ధుల ఆశ్రమంలో ఉద్యోగం తెచ్చుకుంది. ఆ దేశానికి రాజధాని వలెట్టాయేనని తెలిశాక మావయ్య ఆ పూట అన్నం సరిగా తినలేదట, సంతోషంతో. రోజలిన్‌తో పెళ్లయ్యాక నేనూ ఇక్కడికే వచ్చి ఒక హోటల్ వంటగదిలో చేరాను. మావయ్య రిటైరయ్యాక, కిందటేడు మార్చిలో, ఆయన్నీ అత్తయ్యనీ నెల రోజులకు రప్పించుకున్నాం.

మేముండేది మోస్టా అనే ఊళ్లో. రోజలిన్‌కూ నాకూ వాళ్లను వలెట్టా తీసుకెళ్లే వీలుగా ఒకే రోజు సెలవు దొరకడానికి రెండు వారాలు పట్టింది. ఆ రోజు పొద్దున్నే మావయ్య తెల్ల చొక్కా తొడుక్కుని తలుపు దగ్గర నిలబడ్డాడు. ఫ్లోరెన్స్ అత్తయ్య పులిహోర డబ్బా సంచిలో సర్దింది. అత్తయ్య మోకాళ్లు అంతంతమాత్రం. అయినా సండే స్కూల్లో చెప్పిన బైబిలు కథలో ఓడ బద్దలైన దీవి ఇదేనని తెలిసినప్పటినుంచీ ఆమె ఉత్సాహం ఆమెది.

వలెట్టా తేనె రంగు రాతి ఊరు. వీధులు మెట్లు మెట్లుగా సముద్రంలోకి దిగుతాయి. గోడలకు రంగురంగుల చెక్క బాల్కనీలు వేలాడుతుంటాయి. అత్తయ్య ఒక పాత చర్చిలో కూర్చుని ప్రార్థన చేసుకుంది. మావయ్యా చేసుకున్నాడు గాని, కళ్లు తెరిచి చేసుకున్నాడు.

"ఏటండీ, దేవుడి కాడ కూడా తొందరేనా?"

"హార్బరు ఎటేపో అని సూత్తన్నాను."

కోట మీది తోటలోంచి చూస్తే హార్బరంతా కిందే. మేం చేరేసరికి, అక్కడ రోజూ మధ్యాహ్నం పన్నెండింటికి పేల్చే ఫిరంగి పేలింది. అత్తయ్య "ప్రభువా!" అంటూ నా చెయ్యి పట్టుకుంది. మావయ్య ఉలిక్కిపడలేదు. అసలు విన్నట్టే లేడు. కింద రెండు టగ్గులు ఒక తెల్లటి ప్రయాణికుల ఓడను బయటికి తిప్పుతున్నాయి. కటకటాలు పట్టుకుని ఆయన అటే వంగిపోయాడు.

"ముందు టగ్గోడు తొందరపడ్డాడు. ఆఁ... సదురుకున్నాడు. మంచోడే."

రోజలిన్ వంద ఫొటోలు తీసింది. ఒక్కదాంట్లోనూ ఆయన కెమెరా వైపు చూడలేదు. ఇన్నేళ్లు తలచుకున్న ఊరు ఇంతేనా అనిపించిందేమోనని మెల్లగా అడిగాను.

"ఊరికేటి బాబూ, బంగారం. ఆ ఓడలే పాపం" అన్నాడు.

కోట గోడ పక్కనున్న లిఫ్టులో రేవుకి దిగాం. అక్కడ ఒడ్డునే రెండంతస్తుల టూరిస్టు బోటు ఒకటి కట్టేసి ఉంది. దాని తాడు పక్కనే పదిమంది నిలబడి, వెళ్తున్న ఓడను ఫొటోలు తీసుకుంటున్నారు. రోజలిన్ కూడా వాళ్లలో చేరింది. ఓడ రేపిన అల ఒడ్డుకొచ్చింది. బోటు వెనక్కి జరిగింది. తాడు బిగిసి, నీళ్లు చిమ్మి, సన్నగా కిర్రుమంది.

మావయ్య ఒక్క గెంతులో రోజలిన్ రెక్క పట్టుకుని ఇవతలికి లాగేశాడు. తర్వాత చేతులు చాపి మిగతా వాళ్లను నెట్టినంత పని చేశాడు. "గో! గో! బ్యాక్!" వాళ్లు బిత్తరపోయారు. ఒకావిడ చేతిలోని ఐస్‌క్రీం కిందపడింది. ఆమె భర్త కోపంగా ఏదో అన్నాడు.

తాడు తెగలేదు. అల తగ్గింది, తాడు వదులైంది. బోటు మనుషులు తీరిగ్గా వచ్చి ఇంకో తాడు వేశారు.

రోజలిన్ ముఖం ఎర్రబడింది. "ఏటి నాన్నా ఇది? అందరూ సూత్తన్నారు. తెగలేదు కదా?"

"తెగలేదు. అదే కదమ్మా కావల్సింది."

ఆయన ఐస్‌క్రీం పోగొట్టుకున్నావిడ దగ్గరికి వెళ్లి, గుండె మీద చెయ్యేసుకుని "సారీ మేడమ్" అన్నాడు. అయినా ఒక్క అడుగు కూడా దారి ఇవ్వలేదు. రెండో తాడు పూర్తిగా బిగించే దాకా అక్కడే అడ్డంగా నిలబడ్డాడు.

అవతలి ఒడ్డుకి మనుషులను దాటించే చెక్క పడవ ముసలాయన ఇదంతా చూశాడు. తాడు వైపు చూపించి, అరచేత్తో తన కాలి మీద కోసినట్టు సైగ చేసి, మావయ్యకేసి తల ఊపాడు. మావయ్య కూడా ఊపాడు. ఆ ఇద్దరికీ ఇంకే భాషా అవసరం లేకపోయింది. మేం ఆ పడవే ఎక్కాం.

సగం దూరం వెళ్లాక ముసలాయన తెడ్డు మావయ్యకు అందించాడు. లక్ష టన్నుల ఓడలను తిప్పిన మనిషి చేతిలో ఆ బుల్లి పడవ ఎండ్రకాయలా పక్కకు నడిచింది. అత్తయ్య కళ్లల్లో నీళ్లొచ్చేలా నవ్వింది. మావయ్య కూడా నవ్వి, తెడ్డు తిరిగి ఇచ్చేసి కూర్చున్నాడు.

రోజలిన్ ఇంకా ఆ సైగ దగ్గరే ఉంది. "నాన్నా, కాలు మీద అలా సూపించాడేటి?"

మావయ్య, తను ఉద్యోగంలో చేరిన ఆరో ఏట, మోకు తెగి అచ్యుతరామయ్య కాలు మోకాలి కింద పోయిందని చెప్పాడు. ఆయన పక్కనే రెండడుగుల్లో తను ఉన్నాడు. తెగే ముందు తాడు సన్నగా ఏడ్చింది. ఆ చప్పుడు చెవిలోంచి పోలేదు. తను సరంగు అయ్యాక తాడు ఏడిస్తే చాలు, ఎవరు తిట్టినా సరే, అందరినీ వెనక్కి తోసేసేవాడు. మావయ్య కింద పనిచేసిన వాళ్లలో ఒక్కడికీ వేలు కూడా పోలేదు.

"ఇంట్లో సెప్పలేదు. మీయమ్మ బెంగెట్టుకుంటాదని" అన్నాడు.

అత్తయ్య పులిహోర డబ్బా మూత బిగిస్తూ, తల ఎత్తకుండానే అంది. "ఆ వారమే పూర్ణా మార్కెట్‌లో జోగమ్మ కనపడి సెప్పింది. అచ్యుతరామయ్యగారి ఇంటావిడ. 'మీ ఆయన దేవుడి దయ వల్ల బతికాడమ్మా' అని ఏడిసింది."

మావయ్య నోరు తెరుచుకుని చూశాడు. "నీకు తెలుసా? ఇరవై ఎనిమిదేళ్ల నుంచీనా? మరి సెప్పలేదేటి?"

"మీకు తెలిస్తే నాను బెంగెట్టుకుంటన్నానని మీరు బెంగెట్టుకుంటారు. తాడు కాడ ద్యాస తప్పుతాది."

రోజలిన్ వెళ్లి ఇద్దరి మధ్య ఇరుక్కుని కూర్చుంది. తన తండ్రిది ఏ ప్రమాదమూ లేని ఉద్యోగమనే నమ్ముతూ ఆమె పెరిగింది. అలా అనుకునేలా పెంచారు వాళ్లు. అలా పెంచడం ఎంత కష్టమో నాకు ఆ రోజే అర్థమైంది.

అవతలి ఒడ్డున గోడ నీడలో కూర్చుని పులిహోర తిన్నాం. పడవ ముసలాయనకూ పెట్టాం. కారానికి ఎగపోసుకుంటూనే మళ్లీ అడిగి పెట్టించుకున్నాడు.

సాయంత్రం మోస్టా బస్సులో అత్తయ్య మావయ్య పక్కన సర్దుకుని కూర్చుని, "ఇప్పుడు సెప్పండి. మొదటి నుంచీ. ఏదీ దాసకండి" అంది.

ఆయన మొదలుపెట్టాడు. తుపాను రోజు లంగరు గొలుసు తెగిన ఓడ, పొగమంచులో ఎదురొచ్చిన సరుకుల బార్జి, ఒకటి తర్వాత ఒకటి. ఆమె మధ్యమధ్యలో "అబద్దం, ఆ రోజు మీరు నైటు డ్యూటీ" అని సరిదిద్దుతోంది. మా స్టాపు వచ్చింది. బెల్లు నొక్కబోతే రోజలిన్ నా చెయ్యి పట్టుకుని ఆపింది. రెండు స్టాపుల అవతల దిగి, అత్తయ్య మోకాళ్లకు తగ్గట్టు మెల్లగా, వాళ్లిద్దరినీ ముందు నడవనిచ్చి, వెనక మేం నడిచాం.