ముడిమ్యాలలో కంప్యూటర్ కోసం మోగే చర్చి గంట

మా ఆఫీసులో కొత్త కంప్యూటర్లు వచ్చినప్పుడల్లా పాతవాటిని పల్లె పిల్లలకు నేర్పించే ఒక సంస్థకు ఇచ్చేస్తారు. ఇచ్చిన రోజు ఫోటోలు, మిఠాయిలు, చప్పట్లు. ఆ తర్వాత ఆ డబ్బాలు ఏమయ్యాయని అడిగే నాథుడు ఉండడు. హైటెక్ సిటీ చుట్టూ రోజుకో అద్దాల మేడ లేస్తున్న కాలం, ఎవరి హడావుడి వారిది. నాకేమో ఏదైనా తలకెక్కితే దిగదు. చేవెళ్ల దగ్గర ముడిమ్యాలలో ఆ సంస్థ కేంద్రం ఒకటి ఉందని తెలిసి, చూసొస్తే పోలా అనుకుని ఒక శనివారం పొద్దున ఏడింటికి మెహదీపట్నంలో చేవెళ్ల బస్సెక్కాను. టికెట్ పద్దెనిమిది రూపాయలు.

బస్సు కదలకముందే లోపల రగడ మొదలైంది. గుడిమల్కాపూర్ పూల మార్కెట్లో సరుకు అమ్ముకుని వస్తున్న ఒకాయన నాలుగు ఖాళీ గంపలతో ఎక్కాడు. కండక్టర్ వాటికి లగేజీ టికెట్ తీసుకోమన్నాడు.

"ఖాళీ గంపలకు గూడ టికెట్టా? లోపల ఏమున్నది, గాలి తప్ప!"

"గంప గంపనే. పూలుంటేంది, లేకుంటేంది?"

వీళ్ల పంచాయితీ తెగేలోపు బస్సు కదలదని నాకు అర్థమైంది. గంపల్ని ఒకదాంట్లో ఒకటి దూర్చి నా ఒళ్లో పెట్టేసుకున్నాను. కండక్టర్ ముందుకు పోయాడు. పూలాయన పేరు అంజయ్య. నేను ఎక్కడికి పోతున్నానో అడిగి, విని, బస్సంతా తిరిగి చూసేలా నవ్వాడు.

"కంప్యూటర్లు జూడనీకి పట్నమోళ్లు మా ఊరికొస్తున్రా? గిదేం చోద్యం మేడమ్!"

ఆయన కూతురు స్వరూప కూడా ఆ కేంద్రంలోనే నేర్చుకుంటోందట. "నిన్న పరీక్ష రాసింది. పాసైతే పట్నంల హాస్టల్ల పెట్టి నేర్పుతరంట, ఆనక నౌకరి గూడ ఇప్పిస్తరంట. ఆ హాస్టల్‌కు గిదే ఆఖరి జట్టంట."

"ఎలా రాసిందట అన్నా?"

"నాకేమెర్క? నేను నిన్న పొద్దుగూకక ముందే పూలేస్కొని ఎల్లొచ్చిన. ఇంటికి పోయినంకనే అడగాలె."

మొయినాబాద్‌లో బస్సు కాసేపు ఆగింది. టీ తాగుతూ చూస్తే రోడ్డు పొడుగునా ప్లాట్ల బోర్డులే. ఒక మడిగెలో ఇంటర్నెట్ సెంటర్ తెరిచి ఉంది, ఇద్దరు కుర్రాళ్లు పొద్దున్నే పేకాట బొమ్మల ముందు కూర్చున్నారు. అక్కడి నుంచి చేవెళ్ల బస్సులో అరగంటే. ఆ అరగంట దాటాక ఇంటర్నెట్ అన్న బోర్డు నాకు మళ్లీ కనిపించలేదు. చేవెళ్ల బస్టాండు ఎదురుగా పూరీ తిని, పది రూపాయలకు షేర్ ఆటో ఎక్కాం. ఆటో అన్న జనం నిండితే గానీ కదలడు, మనం ఎంత మొహం మాడ్చుకున్నా ఫాయిదా లేదు. ముడిమ్యాల చేరేసరికి పదిన్నర దాటింది.

కేంద్రం ఊరి చివర చర్చి పక్క గదిలో ఉంది. బయట చెప్పులు వరసగా విడిచి ఉన్నాయి. లోపల ఐదు కంప్యూటర్లు, వాటిపై పూలు కుట్టిన తెల్లగుడ్డలు. గోడకు సిలువ. దసరాకు పిల్లలు పెట్టిన పసుపు కుంకుమ ఇంకా ప్రతి మానిటర్ నుదుటా ఉంది. ఏ దేవుడూ అభ్యంతరం చెప్పినట్టు లేదు. మా ఆఫీసులో ఈ యంత్రాలకు ఇంత మర్యాద ఏనాడూ దక్కలేదు.

పాఠాలు చెప్పేది పాస్టర్ గారి కోడలు సుగుణ. నాతో వచ్చిన అంజయ్యను చూడగానే ఆమె, "అన్నా, మంచిగొచ్చినవ్. నిన్న స్వరూప వంతు వచ్చేసరికి కరెంటు పోయింది. ఇయ్యాల రాస్తది. ఇయ్యాల తప్పితే లేదు" అంది.

అంజయ్య నవ్వు ఆగిపోయింది. మూలన కూర్చున్న స్వరూప, పద్దెనిమిదేళ్లుంటాయేమో, తండ్రి వైపు చూసి తల ఆడించింది.

ఇక్కడి కరెంటు సంగతి చెప్పాలి. పొలాల బోర్లూ ఈ గదీ ఒకే ట్రాన్స్‌ఫార్మర్ మీద ఉన్నాయి. కరెంటు రాగానే మోటర్లన్నీ ఒక్కసారి గుంజుతాయి, వోల్టేజీ పడిపోయి కంప్యూటర్లు ఆరిపోతాయి. కరెంటు లేనప్పుడు ఆదుకోవలసిన యూపీఎస్ బ్యాటరీలు ఏనాడో చచ్చాయి. అందుకని ఊరు ఒక ఒప్పందం చేసుకుంది. చర్చి గంట ఒక్కసారి మోగితే రైతులు మోటర్లు బందు పెడతారు. రెండుసార్లు మోగితే మళ్లీ వేసుకుంటారు. "ఆదివారం గంట దేవునిది, తతిమ్మా దినాలది కంప్యూటర్‌ది" అని సుగుణ నవ్వింది.

మూడు రోజుల కింద ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది. నిన్న కాసేపు వచ్చిన కరెంటు మిగతా పిల్లల పరీక్షలకే సరిపోయింది, తోటలకు చుక్క నీళ్లు లేవు. బాగుచేసినా దానిపై భారం వద్దని ఆ రోజు పదకొండు నుంచి పన్నెండున్నర దాకానే కరెంటు ఇస్తారట. అందులో పరీక్షకే గంట పోతుంది. అయినా ఊరు సరేనందట.

పదకొండుకు కరెంటు వచ్చింది. గంట ఒక్కసారి మోగింది. సుగుణ స్టెబిలైజర్ ముందు నిలబడి ముల్లు చూస్తోంది. కొంచెం లేచింది, సగంలో ఆగింది.

"ఎవలిదో ఒక మోటర్ నడుస్తున్నది" అంది సుగుణ.

"నాదే" అన్నాడు అంజయ్య. "పరీక్ష నిన్ననే అయిపోయిందనుకొని ఆటో స్టార్టర్ పెట్టి పోయిన. కరెంటు రాంగనే అదే చాలైతది. ఇంటిది గూడ ఊర్ల లేదు, అవ్వగారింటికి పోయింది."

స్వరూప లేచి నిలబడింది. "ఉండనీ బాపు. చామంతి మొగ్గ మీదున్నది, మూడొద్దులాయె నీళ్లు లేక. నేను మల్లెప్పుడన్న రాస్త."

"మల్లెప్పుడు లేదన్నరు గదనే!" అని కసిరి అంజయ్య బయటికి ఉరికాడు. ఎవరిదో స్కూటర్ స్టార్టయిన చప్పుడు. గంపలు గుమ్మంలోనే పడి ఉన్నాయి. కాసేపటికి ముల్లు పైకి లేచింది. లేచిన ముల్లును చూసి ఎప్పుడైనా దండం పెట్టారా? ఆ రోజు నేను పెట్టాను.

స్వరూప గంటసేపు తెర మీది నుంచి చూపు తిప్పలేదు. బయట చర్చి మెట్ల మీద ఇద్దరు ముసలి రైతులు బీడీలు కాలుస్తూ కూర్చున్నారు. ఒకాయన "ఇంకెంతసేపు రా ఈ పొల్లది" అని విసుక్కున్నాడే గానీ లేచి మోటర్ దగ్గరికి పోలేదు. చివరికి ప్రోగ్రామే మార్కులు లెక్కేసి తెర మీద ఎంపికైనట్టు చూపించింది. సుగుణ తానే పరుగెత్తి గంట రెండుసార్లు కొట్టింది. పొలాల్లో ఒక్కొక్క మోటరూ మొదలైన చప్పుడు వినిపించింది.

స్వరూప, నేను గట్ల మీద నుంచి గబగబా నడిచాం. ఎన్నిసార్లు జారానో లెక్కలేదు. తోట దగ్గర అంజయ్య స్టార్టర్ డబ్బా ముందు నిలబడి ఉన్నాడు. చుట్టుపక్కల బోర్లన్నీ పోస్తున్నాయి. ఆయన కాలువ మాత్రం ఎండగానే ఉంది.

"బాపు! గంట రెండుసార్లు కొట్టిన్రు గద, మోటర్ ఎందుకెయ్యలే?"

"గాలికి ఒకటినిపిస్తది, రెండినిపిస్తది. పక్కోళ్లు ఏసినా నాకు నమ్మకం లేకపాయె. నువ్వొచ్చి చెప్పినంకనే ఏస్తనని నిలవడ్డ." ఆయన గొంతు తగ్గింది. "రాసినవా బిడ్డ?"

"రాసిన బాపు. తీస్కున్నరు నన్ను."

అంజయ్య కూతురి తల నిమిరి పచ్చ బొత్తాం నొక్కాడు. మోటర్ గుర్రుమని, గొట్టంలోంచి ఇన్ని నీళ్లు దూకి, ఆగిపోయింది. పక్క బోర్లు కూడా ఆగాయి. కరెంటు పోయింది. స్వరూప నోటికి చేయి అడ్డం పెట్టుకుంది. అంజయ్య తడిసిన ఆ జానెడు మట్టిని చూసి, "పోనీ తియ్యి. తోటకు రేపు గూడ కరెంటొస్తది" అన్నాడు.

మధ్యాహ్నం వాళ్లింట్లో జొన్నరొట్టె, టమాట తొక్కు తిని బయలుదేరాను. తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఏడ్చాను, సిగ్గు లేకుండా చెబుతున్నాను. పట్నానికీ పల్లెకూ మధ్య దూరం తగ్గించడం గురించి మా మీటింగుల్లో చాలా మాట్లాడుకుంటాం. ఇల్లు అలకగానే పండగ కాదని అక్కడ ఎవరూ అనరు. మేము పంపిన కంప్యూటర్ మీద ఒక పిల్ల గంటసేపు పరీక్ష రాయడానికి ఊరు ఊరంతా ఎండుతున్న తోటల ముందు చేతులు కట్టుకుని కూర్చుంది. వాళ్లంటే నాకు చెప్పలేనంత ప్రేమ కలిగింది. వాళ్లను అలా కూర్చోబెట్టిన మా మీద కోపం కూడా వచ్చింది.

మీరూ వెళ్లాలనుకుంటే ఒక్క సలహా. చేవెళ్ల నుంచి ముడిమ్యాలకు షేర్ ఆటోలు సాయంత్రం ఐదు తర్వాత దొరకడం కష్టం, ఆలోపే తిరగండి. పోతూ పోతూ పాత కంప్యూటర్ తీసుకుపోకండి, అవి చాలానే ఉన్నాయి. ఒక కొత్త యూపీఎస్ బ్యాటరీ తీసుకుపోండి. బరువుగా ఉంటుంది, కండక్టర్ లగేజీ అడుగుతాడు, మాట్లాడకుండా ఇచ్చేయండి.