మామ కారు తలుపు మీద సాళువ రాజులు

ఇప్పట్లో నేను చంద్రగిరి పక్క పోనప్పా! పోతే సాలు, టీ కొట్టోడి నుంచి బస్టాండు దాకా అందురూ నన్ను సూసి నగుతారు. ఎందుకో చెప్తా, వినండి. మీరూ నగండి. ఇంతవరకూ నగకుండా విన్నోళ్ళు ఎవురూ లేరు.

మా మామది చంద్రగిరి. ఆయనకు ఆరుగురు ఆడపిల్లలు, కడాన ఒక మగపిల్లోడు, మురళి. నేను మూడో అల్లుణ్ణి. ఈడ తిరుపతిలో హైస్కూల్లో సోషల్ చెప్తా ఉంటా. మురళికి నగరిలో సంబంధం కుదిరింది. పవర్‌లూమ్స్ ఉండే ఇల్లు, మంచి మడుసులు. పెండ్లి పనులు అల్లుళ్ళం పంచుకున్నాం. ఒకాయన వంటోళ్ళను మాట్లాడినాడు, ఒకాయన మేళాన్ని మాట్లాడినాడు. నేనేమో ఎచ్చులకు పోయి కారు పని నాదన్నా.

కారంటే మా మామ అంబాసిడర్. నల్లది. ఎప్పుడో గవర్నమెంటు వేలంలో పాడుకున్నాడంట. "కలెక్టరు ఎక్కిన బండప్పా ఇది" అని ఇంటికొచ్చిన ప్రతి ఒక్కరికీ చెప్తాడు. పెండ్లికొడుకు దాంట్లోనే ఊరేగాల, అదీ ఆయన పట్టు. అయితే తలుపుల మీద రంగు పొక్కులు పొక్కులుగా లేచి, ముట్టుకుంటే పెచ్చులూడతా ఉండాది. పాతది పూరా తీసేస్తేగానీ కొత్తది నిలబడదు.

"నేను గీకి పెడతా మామా" అన్నా.

"నీకు చేతనవుతుందా అల్లుడా?"

"యూట్యూబ్‌లో సూసినా మామా. సింపుల్!"

నా భార్య లత నా పక్క ఒక సూపు సూసింది. ఆడికే ఆగిపోయుండాల నేను.

ఆదివారం పొద్దున్నే పెయింట్ రిమూవర్ డబ్బా, బ్రష్షు, గీకే బ్లేడు తీసుకుని మామ ఇంటి షెడ్డులోకి దిగినా. రిమూవర్ పోసుకునేదానికి గిన్నె కావాల. మొన్న ఎవురిదో పుట్టినరోజుకు మిగిలిన థర్మోకోల్ ప్లేటు కనిపించింది. దాంట్లో పోసినా. పోస్తానే ఉండా, ప్లేటు మాయమైపోతానే ఉండాది! అడుగు కరిగి, రిమూవరంతా వచ్చి నా కాలి మీద పడింది. "అమ్మో!" అని ఒంటి కాలి మీద ఎగురుకుంటా కొళాయి కాడికి పోయినా.

"ఏమైంది?" అని లత వంటింట్లోనుంచి అరిచింది.

"ఏం లే, వార్మప్!" అన్నా.

ఈసారి స్టీలు గిన్నె తెచ్చుకున్నా. డ్రైవరు పక్క తలుపు చివర్లో పూసినా. కాసేపటికి రంగు అప్పడం మాదిరి పొంగింది. బ్లేడు పెట్టి లాగితే సర్రుమని వచ్చేసింది. కింద ఇంకో రంగు. దాని మీద ఎర్రగా ఏందో మొన, దాని పక్కన పసుపు రంగులో రెండే రెండు అచ్చరాలు. "చాలు."

నేను ఎగిరి గంతేసినా. ఎందుకంటారా? చంద్రగిరిని ఏలిందెవురు? సాళువ రాజులు! మన పక్క చ అన్నా స అన్నా ఒకటే గదా. ఈ అచ్చరాలు రాసినోడు మన చిత్తూరోడే అయ్యుంటాడు, సాళువ అని రాయబోయి చాలు అని రాసుంటాడు, 'వ' చెరిగిపోయుంటాది. ఎర్ర మొన వాళ్ళ జెండా! ఆ వంశమోళ్ళు ఎవురో వాడిన కారు ఇది!

రాజులు ఎప్పటోళ్ళు, అంబాసిడర్ ఎప్పటిది, మధ్యలో ఎన్ని వందల ఏండ్లుండాయి? ఆరో క్లాసు పిల్లోడైనా అడుగుతాడు. నేను సోషల్ అయ్యోరిని గదా, నాకు తట్టలా.

పరిగెత్తుకుంటా పోయి మామకు చెప్పినా. ఆయన కండ్లు ఇంత చేసినాడు. "అనుకుంటా ఉన్నా అల్లుడా! ఉత్త బండైతే కలెక్టరు ఎందుకెక్కుతాడు?" అని వీధంతా పిలిచినాడు. మా అత్త వచ్చింది. పెండ్లి పనులకని ఆడే ఉండే ఆరుగురు కూతుర్లూ, మురళీ వచ్చినారు. ఆ టయానికే నగరి నుంచి పెండ్లికూతురు నాయన, వాళ్ళ అవ్వ చీరలు సూపించేదానికని దిగినారు.

"సరైన టయానికి వచ్చినారు బావా!" అని మామ వాళ్ళనూ షెడ్డులోకి తీసకచ్చి కుర్చీలేయించినాడు.

అంతమందిని సూసేసరికి నాకు క్లాసులో ఉన్నట్టే అనిపించింది. గొంతు సవరించుకుని సాళువ వంశం గురించి రొంత సేపు చెప్పినా. ఫోన్లలో వీడియో తీస్తా ఉండారు. కింద రాత చెరిగిపోకుండా రిమూవర్ పల్చగా పూసి, మెల్లిగా గీకడం మొదులుపెట్టినా. చివర్నుంచి ముందుకొస్తా ఉండా.

"ముగ్గురు" అని వచ్చింది.

"ముగ్గురు రాజులు!" అన్నా. ఎవురో చప్పట్లు కొట్టినారు.

ఇంకొంచెం గీకినా. "లేక" అని వచ్చింది.

"లేక అంటే ఏంది అల్లుడా?"

"అది... శాసనాల భాష మామా" అన్నా.

అట్నే గీకినా. ఎర్ర మొన కాస్తా పెద్ద తిరగేసిన త్రికోణం అయి కూర్చునింది. దాని పక్కన రాత మొత్తం బయటపడింది. నగరి అవ్వ కండ్లద్దాలు సర్దుకుని గట్టిగా సదివింది.

"ఇద్దరు లేక ముగ్గురు చాలు."

"ఓరి నాయనో, ఇది కుటుంబ నియంత్రణోళ్ళ కారబ్బీ!" అనింది అవ్వ. "మా వీధికి మైకు పెట్టుకుని వస్తా ఉన్నింది. దీన్ని సూస్తే సాలు, మగోళ్ళంతా గోడ దూకి పారిపోతా ఉన్నారు!"

తర్వాత ఆయమ్మ వరసాగ్గా నిలబడుండే ఆరుగురు కూతుర్లను సూసింది. మురళిని సూసింది. మెల్లిగా మా మామ పక్క తిరిగింది.

"ఏమప్పా, బండి కొన్నావు గానీ తలుపు సదవలేదా?"

"నేను కొనేటప్పటికే నల్ల రంగు కొట్టేసుండారు!" అని మామ అరిచినాడు.

అంతే! మా అత్త కొంగు నోట్లో కుక్కుకుని కింద కూలబడింది. ఆరుగురు కూతుర్లూ ఒకర్నొకరు పట్టుకుని నగడమే. నాకైతే ప్రాణం పోతా ఉండాది, ఈ దెబ్బకు సంబంధం తప్పిపోతే నా గతేంది? పెండ్లికూతురు నాయన మొగం బిగబట్టుకుని నేల సూస్తా ఉండాడు. భుజాలు అదరతా ఉండాయి. ఏడుస్తా ఉండాడేమో అని దగ్గరికి పోతే, నవ్వు ఆపుకోలేక అల్లాడిపోతా ఉండాడు మడిసి!

వాళ్ళు పోయినాక మామ నన్ను పక్కకు పిలిచినాడు. "పెండ్లి రోజు దాంట్లో ఒక్క అచ్చరం కనపడిందా, నువ్వు నా కంటికి కనపడగూడదు."

అందుకని పెండ్లి ముందురోజు పెయింటరు వస్తే నేను పక్కనే నిలబడినా. అచ్చరాలు కనపడకుండా పోయినా నాకు నమ్మకం కుదరలా. "ఇంకో కోటు ఎయ్యన్నా, ఇంకో కోటు" అని ఆయన ప్రాణం తీసినా. "ఇంత మందంగా ఏస్తే ఆరదు సార్" అని ఆయన చెప్తానే ఉండాడు.

ఆరలా. పెండ్లికొడుకు ఊరేగింపుగా మండపం కాడికి వచ్చేటప్పటికి కూడా ఆ తలుపు జిగురుగానే ఉండాది. మురళిని అవతలి తలుపు నుంచి దించినారు. నేను కొత్త జరీ పంచి కట్టుకుని, ఇవతల తలుపుకు కాపలా నిలబడి అరస్తా ఉండా. "రంగు పచ్చిగా ఉండాది! ఎవురూ ఆనుకోబాకండి!"

హారతి పళ్ళేలతో ఆడోళ్ళు ఎదురొచ్చినారు. మేళమోళ్ళు తోసుకొచ్చినారు. వెనక్కు, వెనక్కు జరిగి నేనే పోయి తలుపుకు ఆనుకున్నా. అంటుకునిందని గూడా నాకు తెలీలా.

"కారు అడ్డంగా ఉండాది, రొంత ముందుకు పోనీ!" అని ఎవురో కేకేసినారు.

డ్రైవరు పోనిచ్చినాడు. కారు పోయింది. కారుతో పాటు నా పంచి గూడా పోయింది.

రెండు ఊర్ల సుట్టాలు, వీడియో కెమెరా, మేళం, అందరి మధ్యలో నేను, నా గళ్ళ నిక్కరు! హారతి పళ్ళెం పట్టుకుని ముందర నిలబడుండేది ఎవురనుకుంటా ఉండారు? నగరి అవ్వే. కింద నుంచి పైకి నన్నొకసారి సూసింది.

"ఏమయ్యోరూ," అనింది, "నువ్వు గీకడం ఇంకా ఆపలేదా?"